ఆరో రాయి

రామాంజనేయులు గారికి రైలంటే భయం. ఈ సంగతి ఆయన చచ్చినా ఒప్పుకోడు కాబట్టి భార్య లక్ష్మీదుర్గే ఊళ్లో నలుగురికీ చెప్పి పెట్టింది. తిరుపతి మొక్కుకి బస్సు, కూతురు శ్రీదివ్య కాన్పుకి బస్సు, ఆఖరికి పాసింజరు ఇంటి వెనకనించే కూతేసుకుంటూ పోతున్నా పొరుగూరి పెళ్లికి బస్సే. మనం దిగేలోగా రైలు కదిలిపోతుందేమోనని ఆయన అనుమానం. గ్యాసుబండ ఎప్పుడు మార్చారో, ఏ స్విచ్చు వేస్తే ఏ ఫ్యాను తిరుగుతుందో పెళ్లైన దగ్గర్నించీ తేల్చుకోలేని ఆ మనిషి, కాలేజీలో ఎకనామిక్స్ చెప్పడం అయిపోయాక, భోజనాల బల్లంతా ఆక్రమించుకుని గుండవరపాడు రైల్వే జంక్షను చరిత్ర రాస్తున్నాడు. ఇంట్లో భోజనాలు వంటింట్లో నేలమీదికి మారాయి.

జంక్షను అన్నది పేరుకే. పడమటి పల్లెలనించి వచ్చే చిన్నలైను ఎత్తేసి చాలా ఏళ్లయింది. పట్టాలు పీక్కుపోయారు, కట్టమీద సర్కారుతుమ్మ మొలిచింది. మిగిలిన పెద్దలైను మీద ఎక్స్‌ప్రెస్సులు ఊరిని చూడనట్టే వెళ్లిపోతాయి. అయినా పసుపు బోర్డు మీద పేరు పక్కన జంక్షన్ అన్న మాట మాత్రం అలాగే ఉంది, ఎప్పుడో విడిపోయిన మొగుడి ఇంటిపేరు ఇంకా మోస్తున్న ఆడదానిలాగా. ఇప్పుడు స్టేషను కొత్తగా కడుతున్నారు. ముందు గోడకి చీమకుర్తి నల్లరాయి పలకలు ఆరు బిగించి, వాటిమీద జంక్షను చరిత్ర చెక్కిద్దామని ఊరి పెద్దలంతా కలిసి అనుకున్నారు. రాసేపని, ఖాళీగా ఉన్నాడు గదా అని, రామాంజనేయులు గారికి అప్పజెప్పారు. చెక్కేవాడు వాసిం. చిలకలూరిపేటలో కొట్టు. చెక్కాల్సిన మాటరు ఫోనులో పంపితే చాలన్నాడు. ఫోనులో తెలుగు కొట్టడం రామాంజనేయులు గారికి రాదు, కాబట్టి ఆయన కాగితం మీద రాయడం, లక్ష్మీదుర్గ దాన్ని ఫోనులోకి ఎక్కించి పంపడం అని ఒప్పందం.

ఇదంతా సరిగ్గా కారం రోజుల్లో వచ్చి పడింది. డాబామీద రెండు ఎండలు ఎండిన మిరపకాయల్ని కిందికి దించి, వెనక వసారాలో పాత చీర పరిచి పోశారు. తొడిమలు తీయడానికి నసీమున్నీసా, అందరి నోటా నసీమా, వచ్చింది. ఏటా ఆమే వస్తుంది. వయసులో లక్ష్మీదుర్గ కంటే నాలుగైదేళ్లు చిన్న. రామాంజనేయులు గారిని సారూ, మీరూ అంటుంది గాని, లక్ష్మీదుర్గని మాత్రం అక్కా, నువ్వూ అంటుంది. లక్ష్మీదుర్గకి అది ఇష్టం.

నసీమా పని చూస్తూ కూర్చోవచ్చు. ముందు వేళ్లకి ఆముదం రాసుకుంటుంది. ఎడంచేత్తో గుప్పెడు కాయలు తీసుకుని, కుడి బొటనవేలి గోరుతో తొడిమని ఒక్క నొక్కు నొక్కుతుంది. టప్పున విరుగుతుంది. కాయ చేటలోకి, తొడిమ ఒళ్లోకి. తెల్లబారిన తాలుకాయ వస్తే చూడకుండానే పక్కకి విసురుతుంది, చేతికి బరువు తెలిసిపోతుందంటుంది. లక్ష్మీదుర్గ ముక్కుకి చున్నీ కట్టుకుని పక్కన కూర్చుంటే, పదికాయలకో తుమ్ము. నసీమాకి తుమ్ములు రావు. ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోదు.

ఆ పూట రామాంజనేయులు గారు కిటికీలోనించి తన చరిత్ర వినిపించడం మొదలుపెట్టాడు. ఒకటో రాయి, మొదటి రైలు వచ్చినప్పుడు జనం కొబ్బరికాయ కొట్టిన ముచ్చట. రెండో రాయి, బొగ్గింజను నీళ్లు తాగే తొట్టి. మూడు, చిన్నలైను పెద్దలైను కలిసిన సంవత్సరం. నాలుగు, ఒక లైను బండి రెండో లైను మీద నడవదు కాబట్టి సరుకునంతా భుజాలమీద మార్చే మార్పిడి షెడ్డు. అయిదు, పత్తి, మిరప ఎగుమతులు. లక్ష్మీదుర్గ వింటున్నట్టు ఊ కొడుతూ తాలుకాయలు ఏరుతోంది.

“ఆరో రాయి ఇదీ, దీన్ని అందరూ మెచ్చుకున్నారు” అంటూ ఆయన గొంతు సవరించుకున్నాడు. “మిరపదొంగ దెయ్యం. మార్పిడి షెడ్డులో మిరపకాయలు దొంగిలిస్తూ పట్టుబడిన మస్తాన్‌బీ అనే స్త్రీ, పారిపోబోయి ఇంజను కింద పడి మరణించింది. నేటికీ ఆ ఖాళీ షెడ్డులో అడుగుపెట్టిన వారికి, మిరపకాయ వాసన లేకపోయినా తుమ్ములు వస్తాయని ప్రతీతి.”

వసారాలో టప్పుమనే చప్పుడు ఆగిపోయింది. లక్ష్మీదుర్గ తలెత్తి చూసింది. నసీమా వేళ్లమధ్య ఒక కాయ ఉంది. బొటనవేలు తొడిమ మీద ఉంది. విరవలేదు. కళ్లు కిటికీవైపు లేవు, కాయమీదా లేవు. కాసేపటికి వేలు దానంతటది పని చేసినట్టు తొడిమ విరిగింది.

మస్తాన్‌బీ నసీమా తల్లి. ఆ సంగతి లక్ష్మీదుర్గకి తెలుసు. నసీమా ఎవరి కూతురో ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగని రామాంజనేయులు గారికి తెలియదు. ఆయన కిటికీ చువ్వలు పట్టుకుని ఎలా ఉందని అడిగాడు. తుమ్ములొచ్చేలా ఉందని చెప్పి లక్ష్మీదుర్గ లేవబోయింది. అప్పుడు నసీమా నోరు తెరిచింది.

“సారూ, రాయిమీద అక్షరాలు ఎంతెంత ఉంటాయండీ?”

చరిత్ర మీద ఒక మనిషి ప్రశ్న వేసినందుకు రామాంజనేయులు గారు మురిసిపోయి, బొటనవేలూ చూపుడువేలూ చాచి ఇంత అని చూపించాడు. నసీమా చేటలోనించి ఒక కాయ తీసి ఆ కొలతకి ఎదురుగా పెట్టి చూసుకుంది. సరిపోయింది. మళ్లీ తొడిమలు తీయసాగింది. సాయంత్రం వెళ్లేటప్పుడు చేతులు కూడా కడుక్కోకుండా వెళ్లిపోయింది.

ఆమె గుమ్మం దాటగానే లక్ష్మీదుర్గ కాగితాల మీద కారం చెయ్యి వేసింది. జరిగింది చెప్పింది. నసీమా వాళ్లమ్మా అని రామాంజనేయులు గారు నిజంగానే కంగారుపడ్డాడు. తనకి ముందే ఎందుకు చెప్పలేదని మళ్లీ భార్యనే తప్పుపట్టాడు. దెయ్యాలకీ పిల్లలుంటారని మీకు చెప్పాల్సొస్తుందనుకోలేదు అంది లక్ష్మీదుర్గ. కంగారు తగ్గాక ఆయన ఎప్పటిలాగే లెక్చరర్ అయిపోయాడు. ఊళ్లో చెప్పుకునేదే రాశాననీ, తను కల్పించింది ఒక్క అక్షరం లేదనీ, కావాలంటే దొంగిలిస్తూ అన్నచోట దొంగతనం ఆరోపణపై అని మారుస్తాననీ అన్నాడు. ఆరోపణ అనే మాటని రాయిమీద చెక్కిస్తే దొంగ అన్నమాట ఇంకా నల్లగా కనిపిస్తుందని లక్ష్మీదుర్గ వాదించింది. మొత్తం ఆ ముక్కే తీసేయమంది. తీసేస్తే ఆరో రాయి ఖాళీ, ఊరి పెద్దలకి బాగా నచ్చింది అదొక్కటే అన్నాడాయన. ఆ రాత్రికి మాటలు అక్కడ ఆగిపోయాయి.

మర్నాడు నసీమా రాలేదు. కాయలు వసారాలో సగం తొడిమలతో, సగం లేకుండా పడున్నాయి. రామాంజనేయులు గారు గోడ కొలతలకని స్టేషనుకి వెళ్తూ కళ్లజోడు మర్చిపోయి టేపు మాత్రం పట్టుకుపోయాడు. కళ్లజోడు లేకుండా ఆయన టేపులో ఏ అంకె చూస్తాడో తలుచుకుంటే నవ్వొచ్చింది. పొద్దు వాలాక జోడు చేతబట్టుకుని లక్ష్మీదుర్గ బయల్దేరింది.

స్టేషనుకి అడ్డదారి మార్పిడి షెడ్డు పక్కనించే. ఆమె ఆ దారిన వెళ్లి చాలా ఏళ్లయింది. ఇనప కమ్మీల మీద పొడవాటి రేకుల కప్పు, మధ్యలో రాతి అరుగు, అరుగుకి అటూ ఇటూ పల్లం. ఒక పల్లంలో చిన్నలైను, రెండో దాంట్లో పెద్దలైను ఉండేవి. ఇప్పుడు రెండింట్లోనూ గడ్డే. గుమ్మం దగ్గర జేసీబీ ఒకటి పని దిగిపోయాక నిద్రపోతున్నట్టు ఆగి ఉంది. అరుగు రాళ్లు ఎన్నో భుజాల బరువుకి అరిగి మధ్యలో పల్లమైపోయాయి. ఆ పల్లాల్లో ఎప్పటిదో ఎర్రటి పొడి, వానలకి కడుక్కుపోనిది, రాతిలోకి ఇంకి ఉంది. గాలి లేదు. రేకులు మాత్రం చిన్నగా టిక్కుటిక్కుమంటున్నాయి, ఎండకి కాలింది చల్లారుతున్నట్టు.

లోపల ఎవరో ఊడుస్తున్న చప్పుడు వినిపించింది.

లక్ష్మీదుర్గ బీయే చదివింది. దెయ్యాల సంగతి వచ్చినప్పుడల్లా ఆ సంగతి తనకి తాను గుర్తుచేసుకుంటుంది. అయినా కాలు ముందుకి పడలేదు. చీపురు రాతిమీద బరుకుతోంది, నెమ్మదిగా, అరుగు ఆ చివర్నించి ఈ చివరికి. అప్పుడు ముక్కులో చురుక్కుమంది. ఒకటి, దాని వెనకే ఇంకొకటి, ఆపుకోలేని తుమ్ములు. చీపురు చప్పుడు ఆగింది.

“ఊడ్చుకోమ్మా” అంది చీకట్లోంచి ఒక గొంతు.

నసీమా గొంతే. అరుగు చివర చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఎవరు తుమ్మారోనని అటు చూస్తోంది. దుర్గక్క అని తెలిశాక నవ్వి, అరుగు అంచు దులిపి కూర్చోమంది. ఆమె పక్కన రాతిమీద పిడికెడు మిరపకాయలు కుప్పగా పోసి ఉన్నాయి. నిన్న లక్ష్మీదుర్గ వసారాలో ఒలిచిన కాయలే. పిడికిట్లో కాయలు పెట్టుకుని, చేతులు కడుక్కోకుండా వెళ్లింది అందుకన్నమాట.

ఆ కుప్పని చూస్తూ నసీమా చెప్పిన నాలుగు ముక్కల్లోనించి లక్ష్మీదుర్గకి సంగతి అర్థమైంది. బస్తాలు మోసే ముఠావాళ్లు కొక్కెం వేసి గోతాన్ని లాగితే కాయలు రాలేవి. రాలిన సరుకు ముఠాలో మొగుడు పోయిన ఆడవాళ్లది. ఎవరూ కాగితం మీద రాయని కట్టుబాటు. నసీమా తండ్రి బుడేసాహెబు పత్తిబేలు మీదపడి పోతే, మూడోనాడు ముఠా మేస్త్రీ ఏసుబాబు ఇంటికొచ్చి మస్తాన్‌బీ చేతికి కొత్త చీపురిచ్చాడు. అదే ఆమెకి దక్కిన హక్కు. ఆ తర్వాత ఎప్పుడో కొత్తగా వచ్చిన ఒక గుమాస్తాకి ఈ కట్టుబాటు తెలియలేదు. కొంగులో కాయలు చూసి దొంగా అని కేకేశాడు. మస్తాన్‌బీ పరిగెత్తింది. ఎందుకు పరిగెత్తిందో నసీమాకి ఇప్పటికీ తెలీదు. పరిగెత్తాల్సిన పని లేదు గదా అంది, లక్ష్మీదుర్గ ఏదో జవాబు చెబుతుందన్నట్టు చూస్తూ. ఆ మర్నాటినించీ ముఠాలో ఎవరు తుమ్మినా ఊడ్చుకోమ్మా అనడం, పంటకాలంలో మొదటి బస్తాలోనించి ఒక పిడికెడు అరుగుమీద కావాలని వదలడం మొదలైంది. ముఠా పోయింది, సరుకు లారీల పాలైంది. ఆ పిడికెడు మాత్రం నసీమా ఏటా తెచ్చి పోస్తోంది. వచ్చి, ఊడ్చి, పోసి, కాసేపు కూర్చుని మాట్లాడి వెళ్తుంది. ఎవరితో మాట్లాడతావని లక్ష్మీదుర్గ అడగలేదు.

“దీన్ని కూల్చేస్తారంటగా అక్కా” అంది నసీమా.

అవునంది లక్ష్మీదుర్గ.

“రాయిమీద చెక్కింది ఎన్నాళ్లుంటది?”

చాలా ఏళ్లుంటుందనీ, మనం పోయాక కూడా ఉంటుందనీ లక్ష్మీదుర్గ చెప్పింది. నసీమా ఆ మాటకి తల వంచుకుని, చీపురు పుల్లల్ని అరచేతిలో కొట్టి సమానం చేసింది. మళ్లీ మళ్లీ చేసింది. లక్ష్మీదుర్గ ఆ వంగిన మెడనే చూస్తూ కూర్చుంది. తల్లిని దొంగ అని రాసిన రాయి తను పోయాక కూడా ఉంటుందని వింటే ఏ కూతురి మెడ మాత్రం నిలబడుతుంది.

“నువ్వేం దిగులు పెట్టుకోకు. నేను చూసుకుంటాను” అంది లక్ష్మీదుర్గ.

నసీమా ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఆముదం వాసన, కారం మంట. “నువ్వుండగా ఏం దిగులక్కా” అంది. నవ్వింది కూడా. చీకట్లో ఆ నవ్వు లక్ష్మీదుర్గకి తను ఏం చేయాలో ఖాయం చేసేసింది.

ఇంటికొచ్చి దీపం పెట్టి, కళ్లజోడు లేకుండా తనని స్టేషనుకి పోనిచ్చిన పాపానికి రామాంజనేయులు గారు నాలుగు మాటలంటుంటే వింటూ, ఆమె ఫోను తీసి కూర్చుంది. అయిదు రాళ్లు ఆయన రాసింది రాసినట్టే కొట్టింది. ఆరోది వచ్చేసరికి మిరపదొంగ దెయ్యాన్ని వదిలేసింది. రాయి ఖాళీగా ఉండకూడదు కాబట్టి, పాత కాగితాల్లో ఒకచోట కొత్త స్టేషను సౌకర్యాల జాబితా కనిపిస్తే అది ఎక్కించింది. రెండు లిఫ్టులు, చల్లటి తాగునీరు, ఆడవాళ్లకు వేరే వెయిటింగు హాలు. చరిత్రలో లిఫ్టులకు చోటు దొరికినందుకు ఆమెకి లోలోపల నవ్వొచ్చింది. వాసింకి పంపింది. మాటరు అంతా పంపానని భర్తతో చెప్పింది. అది అబద్ధం కాదు. అంతా అన్న మాటకి ఎంత అనేది ఎవరూ అడగలేదు.

మర్నాడు తెల్లవారుతూ లేచి వెనక తలుపు తీస్తే వసారా ఊడ్చి ఉంది. రాలిన తొడిమలు, తాలుకాయలు, నిన్నటి దుమ్ము ఏమీ లేవు. చీపురు గీతలు నేలమీద చక్కగా, ఒకే వాలుగా కనిపిస్తున్నాయి. గొళ్లెం పెట్టిన దొడ్డి తలుపు పెట్టినట్టే ఉంది. నసీమా ఇంకా రాలేదు. చీపురు ఏ గదిలో ఉంటుందో కూడా తెలియని రామాంజనేయులు గారు నిద్రలో ఉన్నాడు. లక్ష్మీదుర్గ ఆ గీతల్ని కాసేపు చూసి, వాటిమీద అడుగు పడకుండా పక్కనించి నడిచి వెళ్లింది.

నసీమా ఆలస్యంగా వచ్చింది. పని మాత్రం ఇంతకుముందెన్నడూ చేయనంత చురుగ్గా చేసింది. మిగిలిన కాయలు ఒలిచేసింది, మరకి పంపాల్సిన వాటిలో ధనియాలూ మెంతులూ ఎంత కలపాలో తనే చెప్పింది, మర పట్టించుకొచ్చిన కారంలో వెల్లుల్లి దంచి కలుపుతూ కూనిరాగం కూడా తీసింది. రాళ్లు ఎప్పుడు నిలబెడతారని సారుని అడిగింది. ఏసుబాబు తాత కూడా వస్తానన్నాడని చెప్పింది. గల్ఫు నించి కొడుకు తెచ్చిన నీలం చీర కట్టుకుంటానంది, బాగుంటుందా అని లక్ష్మీదుర్గని అడిగింది. బరువు దిగిన మనిషి ఎంత తేలిగ్గా ఉంటుందో చూడండని లక్ష్మీదుర్గ మనసులో అనుకుంది. వాసిం చెక్కిన రాళ్ల ఫొటోలు ఆమె ఫోనుకే వచ్చాయి. అన్నీ బాగున్నాయని, ఆరోది ఇంకా బాగుందని ఆమే జవాబిచ్చింది.

రాళ్లు బిగించిన రోజు పొద్దున్నే షెడ్డు పడిపోయింది. జేసీబీ రేకుల్ని పీకుతున్న చప్పుడు ఇంటిదాకా వచ్చింది. వీళ్లు స్టేషనుకి వెళ్లేసరికి అరుగు రాళ్లు కుప్పగా పడున్నాయి, దుమ్ము ఇంకా దిగలేదు. ఊరి పెద్దలు కొత్త గోడకి ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నారు. వాసిం తడిగుడ్డతో పలకల్ని తుడుస్తూ నిలబడ్డాడు. నల్లరాయి మీద తెల్లటి అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి. రామాంజనేయులు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మొదటి రాయి ముందు నిలబడి మొదటి రైలు గురించి మాట్లాడటం మొదలెట్టాడు. చెప్పుకోవాలిగాని, రైలెక్కని మనిషి రైలు గురించి చాలా బాగా మాట్లాడతాడు.

నసీమా నీలం చీరలో వచ్చింది. ఒక చేత్తో ఏసుబాబు తాతని నడిపించుకుంటూ వచ్చింది. ఆయనకి చూపు ఆనదు. ఉపన్యాసం అయ్యేదాకా ఆగలేదు. తాతని మెట్టుమీద కూర్చోబెట్టి తిన్నగా గోడ దగ్గరికి వెళ్లింది. అయిదో తరగతి దాకా చదివిందేమో, కూడబలుక్కుని చదవగలదు. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. వేలికొస కారంతో ఎర్రబడి ఉంది. ఒక్కో అక్షరం గాడిలో వేలు దించి, నడిపి, తీసి, మళ్లీ దించుతోంది. ఒకటో రాయి అయింది. రెండో రాయి అయింది. ఆమె పెదాలు కదులుతున్నాయి. నాలుగో రాయి మీద మార్పిడి షెడ్డు అనే మాట దగ్గర వేలు ఆగింది, ముఖం వెలిగింది. అక్కడినించి వేగం పెంచింది. లక్ష్మీదుర్గ జనం మధ్యలో నిలబడి ఆ వేలినే చూస్తోంది.

ఆరో రాయి మీద నసీమా వేలు చివరిదాకా పోయింది. లిఫ్టులు దాటింది, తాగునీరు దాటింది. అంచుకి వచ్చి, రాయి అయిపోయాక గోడ సున్నం మీద కూడా కొంచెం దూరం జరిగి ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చి మొదట్నించి చదివింది. తర్వాత ఒక్కో రాయీ వదిలేసి, పేరు ఒక్కటే వెతుకుతూ కళ్లతో ఆరు రాళ్లూ గాలించింది. మ అక్షరం కనిపించిన చోటల్లా వేలు పెట్టింది. మరమ్మతు. మలుపు. మద్రాసు.

“సారూ, అమ్మ గురించి రాశారన్నారుగదా. అది ఏ రాయి?”

రామాంజనేయులు గారు ఉపన్యాసం ఆపి వెనక్కి తిరిగాడు. ఆరో రాయి దగ్గరికి వచ్చి, కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుని చదివాడు. చదువుతుంటే మెడమీద నరం లేచింది. పక్కన నిలబడ్డ వాసింవైపు తిరిగి, ఏమయ్యా, నా పేరా మొత్తం ఎక్కడ తినేశావు, లిఫ్టులేంటి, ఎవడు చెక్కమన్నాడు నిన్ను అంటూ గొంతు పెంచాడు. కుర్చీల్లోనించి ఒక పెద్దాయన, ఇలాంటి అశ్రద్ధ మనిషికి ఇంక ఈ ఊళ్లో పని ఇవ్వకూడదన్నాడు. ఇంకొకాయన, ఇతను చదివే చెక్కాడా, కళ్లు మూసుకుని చెక్కాడా అని అడిగాడు. నలుగురూ నవ్వారు.

వాసిం చొక్కా జేబులో ఫోను ఉంది. చెయ్యి జేబు మీదికి పోయింది. ఒక్క క్షణం లక్ష్మీదుర్గవైపు చూశాడు. పని మాట్లాడుకోడానికి వచ్చినప్పుడు ఆమె ఇంట్లో టీ తాగిన మనిషి. మొగుడూ పెళ్లాల మధ్య సంగతి అనుకున్నాడో ఏమో, జేబు మీదినించి చెయ్యి తీసేసి తడిగుడ్డ పిండుకున్నాడు. చూసుకోలేదేమో సార్ అన్నాడు తలొంచుకుని.

అప్పుడు నసీమా లక్ష్మీదుర్గ దగ్గరికి వచ్చింది. ఆమెకి కోపం లేదు. ఊరికే ఆమె పక్కన నిలబడింది, ఇంట్లో ఏదైనా పోతే అయినవాళ్ల పక్కకి చేరినట్టు.

“నువ్వు చూసుకుంటానన్నావని నేను నిమ్మళంగా ఉన్నానక్కా. ఈ అబ్బాయి చెడగొట్టాడు.” ఆమె షెడ్డు ఉన్న చోటువైపు చూసింది. అక్కడ ఆకాశం కొత్తగా, ఖాళీగా ఉంది. “దొంగ అనే రాసినా నాకు బాధ లేదు. పేరుండేది. పేరుంటే వచ్చినోళ్లు అడిగేవాళ్లు, ఎవరమ్మా ఈ మస్తాన్‌బీ అని. తాత ఉన్నాడు, నేనున్నా, కాదు, అది దొంగతనం కాదని చెప్పేవాళ్లం. ఇప్పుడెవరడుగుతారు? అరుగు కూడా తీసేశారు. అమ్మ ఇంక ఎక్కడికొచ్చి కూర్చోవాలి?”

ఏసుబాబు తాత మెట్టుమీదనించి, పేరు ఉందా అమ్మాయ్ అని కేకేసి అడిగాడు. రామాంజనేయులు గారు ఫోను తీసి వాసిం యజమాని ఎవరో కనుక్కునే పనిలో పడ్డాడు. తనే యజమానినని వాసిం చెబుతున్నాడు. దుమ్ము మెల్లగా అందరి భుజాల మీదా వాలుతోంది.

లక్ష్మీదుర్గకి ఇంకేమీ చేయక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఒక మనిషిని నలుగురూ దోషి అని తీర్మానించేశారు, ఆ మనిషి కాదనలేదు. రేపటికి అందరూ మర్చిపోతారు. కొంగులో మిరపకాయలు పట్టుకుని ఒక ఆడది ఎందుకు పరిగెత్తిందో ఆమెకి ఆ క్షణాన అర్థమైంది. కేకేసినవాడి వెనకాల నిలబడి, సంగతి తెలిసీ నోరెత్తని ముఖాలు చూసి పరిగెత్తి ఉంటుంది.

“వాసిం సరిగ్గానే చెక్కాడు” అంది లక్ష్మీదుర్గ.

గొంతు పెద్దగానే వచ్చింది. ఆగని స్టేషన్లో ఎక్స్‌ప్రెస్సు ఆగితే జనం చూసినట్టు రామాంజనేయులు గారు ఆమెవైపు చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ తర్వాతి మాట ఆయన ఆమె నోట వినలేదు. ఆమె ఆయనవైపు చూడలేదు. నసీమా రెండు చేతులూ పట్టుకుంది.

“ఆ పేరా తీసేసింది నేను. ఆ లిఫ్టులు పెట్టింది నేను. దొంగ అని ఉంటే నువ్వు చచ్చిపోతావని నేనే అనుకున్నాను, నేనే తీర్పు చెప్పుకున్నాను. నీకేం కావాలో ఒక్క మాట నిన్నడగలేదు. ఆయన రాసింది తప్పైతే దిద్దాల్సింది, మీ అమ్మని తుడిచేశాను. ఆ రోజు కేకేసినవాడు కూడా ఆవిడకి ఇంత అన్యాయం చెయ్యలేదు. నాది తప్పు నసీమా. తప్పు నాదే.”